పాత ఎయిర్ పిస్టల్‌కి పోయిన నలుపు మళ్ళీ ఎక్కించేది ఎట్లా

పాత ఎయిర్ పిస్టల్ ఒకటి బీరువా మీద పడి ఉంటాది, చెయ్యి పట్టుకునే చోట నలుపు అరిగిపోయి తెల్లగా మెరుస్తా ఉంటాది, బ్యారెల్ మీద అక్కడక్కడ ఎర్ర చుక్కలు. దాన్ని చూడగానే అందరికీ వచ్చే ఆలోచన ఒకటే, బ్లాక్ స్ప్రే డబ్బా తెచ్చి కొట్టేస్తే పోలా అని. కొట్టొచ్చు, కొన్నాళ్ళు బాగానే ఉంటాది, ఆ తర్వాత మడత తిరిగే చోట పెచ్చులు లేస్తాయి, పెచ్చు కింద తడి చేరి తుప్పు ముందుకంటే ఎక్కువ తింటాది. సరైన పద్ధతి వేరే ఉంది, ఖర్చు పెద్దగా కాదు గానీ ఓపిక కావాల. ఇంకో సంగతి ముందే చెప్పేస్తా, ఈ పనిలో నలుపు ఎక్కించేది చిన్న భాగం, ముప్పాతిక భాగం దానికి ముందు లోహాన్ని తయారు చేసేదే. ఆ తయారీ సరిగ్గా లేకుంటే ఎంత ఖరీదైన మందు పూసినా చూపించేది కింద ఉన్న గీతల్నే.

ఇక్కడ నేను చెప్పేదంతా లైసెన్సు అక్కర్లేని ఎయిర్ పిస్టల్ గురించే, అంటే 0.177 అంగుళాల బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం), 20 జూళ్ళ లోపు శక్తి ఉండేవి. లైసెన్సు మీద ఉన్న రివాల్వర్, పిస్టల్, పలమనేరు కుప్పం వైపు పంటకాపు కోసం పెట్టుకునే సింగిల్ బ్యారెల్, ఇవి ఉన్నోళ్ళు ఇంట్లో విప్పుకోని కూర్చోవద్దు. 1959 ఆయుధాల చట్టం కింద తుపాకీ రిపేరు చేసేదానికి కూడా లైసెన్సు ఉండాల, నలుపు ఎక్కించేది రిపేరా కాదా అని స్టేషన్‌లో వాదించుకునే బదులు లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర ఇచ్చి రసీదు రాయించుకోని వచ్చేది మేలు. పద్ధతి తెలిసి ఉంటే డీలర్‌తో మాట్లాడేదానికి పనికొస్తాది, ఏం చేస్తున్నాడో అర్థమవుతాది, అంతవరకే. ఎలక్షన్లప్పుడు తుపాకీలు డిపాజిట్ చేసి కోడ్ అయిపోయినాక తెచ్చుకుంటారు కదా, ఇచ్చే ముందు నూనె గుడ్డతో గట్టిగా తుడిచి ఇస్తే ఈ తుప్పు గోల సగం ఉండదు, చాలామంది తోలు కవర్‌లో పెట్టి అట్లే ఇచ్చేస్తారు.

నంబరు సంగతి కూడా ఇక్కడే చెప్పాల. తుపాకీ మీద నంబరు చెరిపేది నేరం, అంతేకాదు, నంబరు చెరిగిపోయిన తుపాకీ మీ చేతిలో దొరికితే చెరిపింది మీరే అని చట్టం అనుకుంటాది, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. ఎయిర్ పిస్టల్‌కి అంత సీను లేదు గానీ అలవాటు ఒకటే ఉండాల, నంబరు, కంపెనీ పేరు, బోరు గుర్తు ఉన్న చోట ఉప్పు కాగితం పెట్టకూడదు.

కొన్నింటిని అసలు ముట్టుకోకూడదు. మీ తాత నాటి ఇంగ్లండు వెబ్లీ కంపెనీ ఎయిర్ పిస్టల్ గానీ ఉంటే, వాళ్ళు 1924 నుంచి బర్మింగ్‌హామ్‌లో చేసినారు వీటిని, దాని మీద సగం పోయిన పాత నలుపే దాని విలువ. పాతవి సేకరించేవాళ్ళు అరిగిన ఒరిజినల్‌కి డబ్బు పెడతారు గానీ కొత్తగా మెరిపించిన దానికి పెట్టరు. అట్లాంటిదానికి నూనె పూసి, మెత్తటి స్టీల్ ఊల్‌తో (సన్న ఉక్కు పీచు) ఎర్ర తుప్పు మాత్రం తీసి వదిలేయండి. నేను చెప్పేదంతా మన ఊర్లో దొరికే మామూలు దేశీ ఎయిర్ పిస్టల్‌కి.

ఇప్పుడు ఆ నలుపు ఏందో తెలుసుకోవాల. అది పెయింటు కాదు, అది కూడా ఒక రకం తుప్పే. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి మామూలుగా ఎర్ర తుప్పు అవుతాది, అది వదులుగా ఉంటాది, తడిని పట్టి ఉంచుతాది, కింద తింటానే పోతాది. అదే ఇనుము, అదే ఆక్సిజన్ ఇంకో లెక్కలో కలిస్తే వచ్చేదాన్ని మాగ్నటైట్ అంటారు, అది నల్లగా, గట్టిగా లోహాన్ని అంటిపెట్టుకోని ఉంటాది. ఇంగ్లీషులో దీన్ని బ్లూయింగ్ అనేది వెలుతురులో కొంచెం నీలం ఛాయ కొడతాది కాబట్టి. ఈ పొర ఒక్కటే తుప్పును ఆపలేదు, అది నూనెను పీల్చి పట్టుకుంటాది, ఆ నూనె ఆపుతాది. నూనె రాయకుండా వదిలేసిన దోసె పెనం ఎట్లా ఎర్రబడతాదో ఇదీ అంతే. కాబట్టి ఒకసారి చేసి మరిచిపోయే పని కాదిది.

మొదటి పరీక్ష అయస్కాంతం. పాత స్పీకర్‌ది గానీ ఫ్రిజ్ మీద బొమ్మది గానీ తీసుకోని పిస్టల్‌లో ప్రతి భాగానికీ ఆనించి చూడండి. బ్యారెల్, గాలి ట్యూబు మామూలుగా ఉక్కే ఉంటాయి, గట్టిగా అంటుకుంటాది. ట్రిగ్గర్ గార్డు, కొన్నింటిలో ఫ్రేమంతా జింక్ అల్లాయ్ పోత ఉంటాది, అంటుకోదు. అయస్కాంతం అంటుకోని చోట ఈ నలుపు మందులు పని చేయవు, జింకు మీదా అల్యూమినియం మీదా ఇనుము తుప్పు ఎట్లా పుడతాది చెప్పండి. అక్కడ పెయింటే గతి, దాని గురించి చివర్లో చెప్తా. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ఈ మందులకు లొంగదు, పాలిష్ కొట్టి వదిలేయడమే. ఇంకొన్ని పిస్టళ్ళకు నికెల్ పూత ఉంటాది, వెండిలాగా తెల్లగా, కొంచెం పసుపు ఛాయతో. అది పెచ్చులు లేస్తుంటే ఇంట్లో తీయలేరు, ప్లేటింగ్ షాపు వాళ్ళే తీయాల.

విప్పే ముందు లోపల పెల్లెట్ (ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న గుండు) లేదని, స్ప్రింగు ఎక్కించి లేదని రెండుసార్లు చూసుకోండి. స్ప్రింగు ఎయిర్ పిస్టల్‌లో ఎక్కించకున్నా కూడా మెయిన్ స్ప్రింగు కొంచెం నొక్కబడే ఉంటాది, వెనక మూత తిప్పి తీసేస్తే ఎగిరి ముఖానికి తగలొచ్చు. స్ప్రింగును నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా ఆ మూత జోలికి పోవద్దు, ట్యూబును అట్లే మూసి పెట్టి పైపైన చేసుకోవచ్చు, లేదంటే ఎయిర్‌గన్ బాగు చేసేవాళ్ళతో స్ప్రింగు తీయించుకోని రండి. మనం విప్పాల్సింది పిడి చెక్కలు, ట్రిగ్గర్ గార్డు, మడత తిరిగే చోట ఉండే పివట్ స్క్రూ తీసి బ్యారెల్, అంతే. బ్యారెల్ వెనక గాలి లీకు కాకుండా చిన్న రబ్బరు గానీ తోలు గానీ వాషర్ ఉంటాది, దాన్ని సూదితో మెల్లగా లేపి పక్కన పెట్టండి, ఏ ద్రావకమూ దానికి తగలకూడదు.

స్క్రూ డ్రైవర్ స్క్రూ గాడిలో సందు లేకుండా కూర్చోవాల, లేకుంటే జారి గాడి అంచు లేస్తాది, కొత్త నలుపు పక్కన అదొక్కటే తెల్లగా కనిపించి పనంతా అసహ్యంగా ఉంటాది. డ్రైవర్ మొన సరిపోకుంటే ఆకురాయితో రుద్ది సరిపెట్టుకోండి, డ్రైవర్ పోయినా ఇంకోటి వస్తాది. పాత ఇడ్లీ ప్లేటు ఒకటి పక్కన పెట్టుకోని గుంటకొక స్క్రూ విప్పిన వరసలోనే వేసుకుంటా పోండి, ఫోన్‌లో అడుగడుగునా ఫోటోలు తీయండి.

సామాన్లన్నీ తిరుపతిలోనే దొరుకుతాయి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్లు, అంటే ఉప్పు కాగితాలే, 220, 320, 400, 600 నంబర్లవి (నంబరు పెరిగే కొద్దీ సన్నం), కిరాణాలో తెల్ల వెనిగరు, వంట సోడా, మొబైల్ రిపేరు వాళ్ళు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) స్పిరిటు, మెడికల్ షాపులో నైట్రైల్ గ్లౌజులు, దూది. డిస్టిల్డ్ వాటర్‌కి ఎక్కడికో పోనక్కర్లేదు, బ్యాటరీలో పోసే నీళ్ళే, బ్యాటరీ షాపులో అడిగితే క్యాన్ ఇస్తారు. స్టీల్ ఊల్ మాత్రం జాగ్రత్త, గిన్నెలు తోమే పీచు పనికిరాదు, గీతలు పెడతాది, నాలుగు సున్నాలు రాసి ఉండే సన్న రకం కావాల, చెక్క పాలిష్ చేసేవాళ్ళ సామాన్ల షాపుల్లో అడగండి. దానికి కూడా కంపెనీ వాళ్ళు నూనె పూసి ఉంటారు, వాడే ముందు స్పిరిటులో ముంచి ఆరబెట్టాల. నలుపు మందు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే, కోల్డ్ బ్లూ అని ఒకటి, రస్ట్ బ్లూ అని ఇంకోటి, రెండూ వేరు, ఏది దేనికో కింద చెప్తా, చూసి ఆర్డర్ పెట్టండి.

పాత నలుపు తీసేదానికి వెనిగరు చాలు. ముందు సబ్బు నీళ్ళతో నూనె జిడ్డంతా పోయేలాగా కడిగి ఆరబెట్టాల, జిడ్డు మీద వెనిగరు పని చేయదు. స్ప్రింగు లోపలున్న ట్యూబును ముంచొద్దు, కడిగేటప్పుడు కూడా లోపలికి నీళ్ళు పోనీయకుండా తడిగుడ్డతో తుడవడమే, దూదిని వెనిగరులో తడిపి పైన పరిచి ఉంచండి. బ్యారెల్ రెండు వైపులా బిరడాలు బిగించి ప్లాస్టిక్ డబ్బాలో ముంచొచ్చు. పావుగంట ఇరవై నిమిషాల్లో నలుపు మసిలాగా లేచి వస్తాది, గుడ్డతో తుడిస్తే కింద బూడిద రంగు ఉక్కు కనిపిస్తాది. మొండిగా ఉన్న చోట ఇంకోసారి. రాత్రంతా నానబెట్టే పని మాత్రం పెట్టుకోవద్దు, వెనిగరు నలుపుతో ఆగదు, ఉక్కును కూడా తినేసి గరుకు చేసి పెడతాది. తీసిన వెంటనే వంట సోడా కలిపిన నీళ్ళలో ముంచి, మంచినీళ్ళతో కడిగి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టండి. ఒట్టి ఉక్కు ఎంత తొందరగా తుప్పు పడతాదంటే నవంబర్ వానల్లో అయితే టీ తాగి వచ్చేసరికే పసుపు మచ్చలు కనిపిస్తాయి.

బాత్రూం కడిగే యాసిడ్ వాడితే రెండు నిమిషాల్లో అయిపోతాది కదా అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. అయిపోతాది, నిజమే. దాని ఆవిరికి ఆ గదిలో ఉన్న స్పానర్లు, డ్రిల్ బిట్లు అన్నీ తుప్పు పట్టి కూర్చుంటాయి, పిస్టల్ మీద గుంటలు పడతాయి, గట్టిపరిచిన ఉక్కు భాగాలు హైడ్రోజన్ ఎక్కి పెళుసుబారతాయి, పొరపాటున బ్లీచింగ్‌తో కలిసిందంటే క్లోరిన్ గ్యాసు వస్తాది. వద్దు. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ రిమూవర్లు దానికంటే మేలు గానీ అవి బూడిద రంగు ఫాస్ఫేట్ పొర వదిలిపోతాయి, దాన్ని ఉప్పు కాగితంతో పూర్తిగా తీయకుంటే నలుపు మచ్చలు మచ్చలుగా పడతాది.

ఇప్పుడు అసలు పని, రుద్దేది. తుప్పు తిన్న చోట సన్న గుంటలు ఉంటాయి, అన్నీ పోవాలంటే లోహం చాలా తీయాల, తీస్తే గోడ పల్చబడతాది, ఆకారం పోతాది. లోతుగా ఉన్న ఒకటి రెండు గుంటల్ని వదిలేసేదే తెలివి, నలుపు పడినాక అంతగా తెలియవు. 220తో మొదలు పెట్టండి, తుప్పు లేని భాగాలకైతే 320 చాలు. కాగితాన్ని వేలితో పట్టుకోని రుద్దితే వేలు మెత్తగా ఉంటాది కాబట్టి మధ్యలో లోతుగా, అంచుల్లో గుండ్రంగా అవుతాది. బల్లపరుపు భాగానికి చిన్న చెక్క ముక్క చుట్టూ కాగితం చుట్టి రుద్దాల, గుండ్రటి బ్యారెల్‌కి అంగుళం వెడల్పు పట్టీ కోసి, బ్యారెల్‌ను గుడ్డ వేసి వైస్‌లో పట్టించి, పట్టీని రెండు చేతులతో అటూ ఇటూ లాగాల. ఒక నంబరు కాగితం అడ్డంగా, దాని తర్వాతది నిలువుగా. ఎందుకంటే ముందు కాగితం గీతలు ఎదురు దిక్కులో ఉంటాయి కాబట్టి అవి పోయినాయా లేదా తెలుస్తాది, ఒకే దిక్కులో రుద్దుకుంటా పోతే పాత గీత ఏదో కొత్త గీత ఏదో కనుక్కోలేరు.

మధ్య మధ్యలో ట్యూబ్‌లైట్ కింద పట్టుకోని చూడండి. బ్యారెల్ మీద ట్యూబ్‌లైట్ ప్రతిబింబం సన్నటి తెల్ల గీతలాగా పడతాది, బ్యారెల్‌ను మెల్లగా తిప్పండి, గీత నిటారుగా కదిలితే ఉపరితలం సమంగా ఉన్నట్టు, ఏదో ఒక చోట గీత వంకర తిరిగి మళ్ళీ సర్దుకుంటే అక్కడ గుంటో ఉబ్బో ఉన్నట్టు. చేత్తో తడిమితే తెలియని తేడా కూడా ఆ గీతలో పట్టుబడిపోతాది. ఎల్‌ఈడీ బల్బు కింద ఇది కుదరదు, పొడుగు ట్యూబే కావాల.

ఎక్కడిదాకా రుద్దాల అనేది మీరు వాడే మందును బట్టి ఉంటాది. రస్ట్ బ్లూకి 400 దగ్గర ఆపేయండి, ఎందుకంటే తుప్పే ఉపరితలాన్ని కొంచెం గరుకు చేస్తాది, అద్దంలాగా మెరిపించినా ఆ మెరుపు నిలవదు. కోల్డ్ బ్లూకి 600 వరకు పోవచ్చు. మెరుపు ఎక్కువైతే కోల్డ్ బ్లూ సరిగ్గా పట్టదు కూడా. బఫ్ వీలు (మోటారుకు తిరిగే గుడ్డ చక్రం) మీద లస్టర్ అనే పాలిష్ ముద్ద రాసి పట్టేస్తే ఐదు నిమిషాల్లో తళతళలాడతాది, నాకు తెలిసి పాత పిస్టళ్ళు పాడయ్యేది తుప్పుతో కంటే ఆ బఫ్ వీలుతోనే ఎక్కువ, స్క్రూ రంధ్రాల చుట్టూ గిన్నెలాగా గుంట పడతాది, పదునైన అంచులు సబ్బు ముక్కలాగా అరుగుతాయి, అక్షరాలు ఒక పక్కకు జారిపోయినట్టు అవుతాయి. నంబరు, పేరు ఉన్న చోట టేపు వేసి, దాని చుట్టూ చేత్తో మెల్లగా రుద్దండి, టేపు తీసినాక అక్కడ స్టీల్ ఊల్‌తో నాలుగు రుద్దులు చాలు. అక్షరాల లోపల పాత నలుపు మిగిలి ఉంటే ఉండనీండి, మంచిదే.

రుద్దేది అయిపోయినాక ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, మన ఊరి ఎండకు చేతి చెమట ఎంత ఉప్పగా ఉంటాదో తెలుసు కదా, వేలి ముద్ర పడిన చోట నలుపు పడదు, ముద్ర అట్లే ఉండిపోతాది. గ్లౌజులు వేసుకోని గిన్నెలు కడిగే లిక్విడ్, వేడి నీళ్ళతో బ్రష్ పెట్టి తోమి, కడిగి, ఆరినాక స్పిరిటు దూదితో తుడవాల, దూదికి మురికి అంటకుండా తెల్లగా వచ్చేవరకూ కొత్త దూది తీసుకుంటానే ఉండాల. అయిందా లేదా తెలుసుకునేదానికి డిస్టిల్డ్ వాటర్ కొంచెం పోసి చూడండి, నీళ్ళు పల్చటి పొరలాగా అంతా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు, చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు, మళ్ళీ మొదట్నుంచీ కడగాల. స్క్రూ రంధ్రాల్లో పాత నూనె దాక్కోని ఉంటాది, వేడి తగలగానే బయటికి కారి మచ్చ చేస్తాది, అక్కడ ఇయర్ బడ్ పెట్టి తుడవండి. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడొద్దు, కొన్నింటిలో చర్మం కోసం నూనెలాంటివి కలిపి ఉంటారు.

కోల్డ్ బ్లూ తేలిక. లోహాన్ని హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేసి, దూదిని మందులో తడిపి, ఆ చివర నుంచి ఈ చివరకు ఆగకుండా ఒక్క పట్టున రాయాల, మధ్యలో ఆపితే అక్కడ గీత పడతాది. అర నిమిషం, నిమిషం ఆగి నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, స్టీల్ ఊల్‌తో తేలిగ్గా రుద్ది మళ్ళీ రాయాల. నాలుగైదు సార్లకు మంచి నలుపు వస్తాది. ఈ మందుల్లో మామూలుగా సెలీనియం, రాగి లవణాలు ఉంటాయి, విషం, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, వంటింట్లో చేయొద్దు, కిటికీలు తెరిచి పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. చూసేదానికి బాగుంటాది గానీ రోజూ చెయ్యి తగిలే చోట తొందరగా అరిగిపోతాది. అక్కడక్కడ మచ్చలు సర్దుకునేదానికీ, స్క్రూ తలకాయలకీ అయితే ఇదే మేలు. పిస్టల్ మొత్తానికీ కష్టపడి రుద్దినాక ఇది పూయడం నాకు మనసొప్పదు. స్ప్రింగు తీయని ట్యూబుకు మాత్రం వేరే దారి లేదు, దాన్ని ఉడకబెట్టలేం కాబట్టి ఇదే పూయాల.

రస్ట్ బ్లూ పాత పద్ధతి, నిదానం, కానీ నిలుస్తాది. డబుల్ బ్యారెల్ తుపాకీలకు ఇప్పటికీ ఇదే చేస్తారు, ఎందుకంటే రెండు బ్యారెళ్ళనూ కలిపి పట్టుకునే మెత్తటి టంకం వేడి కాస్టిక్‌లో కరిగిపోతాది, దీంట్లో కరగదు. సంగతేందంటే, మనమే కావాలని లోహం మీద సన్నటి తుప్పు పుట్టించి, దాన్ని నీళ్ళలో మరగబెట్టి నలుపుగా మార్చి, వదులుగా ఉన్నది గీకేసి, మళ్ళీ తుప్పు పుట్టించి, అట్లా పొర మీద పొర కట్టుకుంటా పోవడం.

మొదట బ్యారెల్ బోరులో వార్నిష్ పల్చగా పూసి ఆరబెట్టి, రెండు చివర్లలో చెక్క బిరడాలు బిగించాల, లోపలి గాడులు తుప్పు పడితే పెల్లెట్ నేరుగా పోదు. బిరడాలు పొడుగ్గా ఉంటే పట్టుకునేదానికీ అవే పనికొస్తాయి. మందును దూదితో చాలా పల్చగా పూయాల, దూది పిండితే చుక్క పడకూడదు, తడి చాలనట్టే కనిపించాల. ఎక్కువైతే కారిన చోట రాగి రంగు మచ్చలూ, గుంటలూ పడతాయి. పూసినాక తేమ ఉండే చోట వేలాడదీయాల. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకూ ఈశాన్య వానలప్పుడు మన దగ్గర గాలిలోనే కావాల్సినంత తేమ ఉంటాది, మూడు నాలుగు గంటలకే ఎర్రటి సన్న పొడి కమ్ముకుంటాది. మే నెలలో అయితే ఎండకు గాలంతా ఆరిపోయి ఉంటాది, రోజంతా వేలాడదీసినా ఏమీ కాదు, అప్పుడు బాత్రూంలో బకెట్ వేడి నీళ్ళు పెట్టి తలుపు మూసి అక్కడ వేలాడదీయండి. ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పండి. కావాల్సింది వెల్వెట్ లాంటి సన్న తుప్పు, పెళ్ళలు కట్టే తుప్పు కాదు, కాబట్టి మధ్యలో చూసుకుంటా ఉండాల.

స్టీలు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ మరగబెట్టి అందులో పావుగంట, ఇరవై నిమిషాలు ఉడికించండి. ఇక్కడ బోరు నీళ్ళు మాత్రం వాడొద్దు, మన వైపు చాలా బోర్లలో ఉప్పు ఎక్కువ, గీజర్ రాడ్డు మీద తెల్లగా పేరుకునేది అదే, బ్యారెల్ మీద కూడా తెల్ల మచ్చలు పెడతాది, అవి పోవు. ఆ గిన్నెను మళ్ళీ వంటకు తీయకండి. ఎర్రగా పోయింది నీళ్ళలో కళ్ళ ముందే గోధుమ రంగుకు తిరిగి, తర్వాత నల్లటి మసిలాగా అవుతాది, ఎన్నిసార్లు చూసినా నాకు బాగుంటాది ఆ మారేది. బయటికి తీస్తే వేడికి నీళ్ళు వాటంతటవే ఎగిరిపోతాయి. చల్లారినాక నూనె తీసిన స్టీల్ ఊల్‌తో మెల్లగా, ఒత్తకుండా రుద్దితే వదులు మసి రాలిపోయి కింద బూడిద రంగు పొర మిగులుతాది.

మొదటిసారి చూస్తే నిరుత్సాహం వస్తాది, మచ్చలు మచ్చలుగా, బూడిదగా, ఇంతకు ముందే బాగుండె అనిపిస్తాది. మళ్ళీ పూయండి, మళ్ళీ తుప్పు, మళ్ళీ ఉడికించేది, మళ్ళీ రుద్దేది. మూడోసారికి రంగు అంతటా సమం అవుతాది, ఆరు నుంచి ఎనిమిది సార్లకు లోతైన నలుపు వస్తాది. ఒకసారి చేసినాక రంగు ముందుకంటే ముదరలేదు అనిపిస్తే అక్కడితో ఆపేయాల. ఆఖరుసారి ఉడికించి తీసినాక ఇంకా వెచ్చగా ఉండగానే మిషన్ ఆయిల్ ఒలకబోసినట్టు పూసి ఒక రాత్రి అట్లే వదిలేయండి, పొర నూనె తాగుతాది, రంగు కూడా పొద్దుటికి ఇంకా చిక్కగా కనిపిస్తాది. బిరడాలు తీసి బోరులో వార్నిష్‌ను థిన్నర్ గుడ్డతో తుడిచేయండి, బయటికి కారకుండా.

కంపెనీల్లో చేసేది వేరే, కాస్టిక్ సోడా, నైట్రేట్ కలిపి 140 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేసిన తొట్టిలో ముంచుతారు, అరగంటలో అయిపోతాది. వీడియోలు చూసి ఇంట్లో ట్రై చేసేవాళ్ళు ఉన్నారు. ఆ తొట్టిలో నీళ్ళ చుక్క పడితే చిటపటమని కాస్టిక్ పైకి లేచి కళ్ళలో పడతాది, అల్యూమినియం ముక్క ఏదైనా పడితే కరిగి హైడ్రోజన్ లేస్తాది. ఇంట్లో చేసే పని కాదు, ఇంతకంటే చెప్పను.

జింక్ అల్లాయ్ భాగాలకు పాత పెయింటు థిన్నర్‌తో తీసి, 400 కాగితంతో తేలిగ్గా గరుకు చేసి, స్పిరిటుతో తుడిచి, లోహాన్ని కొంచెం కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ పల్చగా కొట్టి దాని మీద మ్యాట్ బ్లాక్ రెండు మూడు పల్చటి కోట్లు. ఎచ్ ప్రైమర్ లేకుండా జింకు మీద పెయింటు నిలవదు, మొదట్లో చెప్పిన పెచ్చుల గోల ఇక్కడా వస్తాది. రేణిగుంట రోడ్డు వైపు కారు పెయింటింగ్ షెడ్లు ఉన్నాయి, బండి పని మధ్యలో ఈ చిన్న ముక్కలు కూడా కొట్టిమ్మంటే కొట్టిస్తారు, వాళ్ళ పెయింట్ స్ప్రే గన్నుతో వచ్చే నునుపు మన డబ్బా స్ప్రేకి రాదు. పిస్టల్ మొత్తం తీసుకోని పోవద్దు, ఆ ముక్కలు మాత్రం ఇవ్వండి, షెడ్డులో నలుగురు చూసి నాలుగు మాటలు అనుకునేది ఎందుకు.

బిగించేటప్పుడు వాషర్ తిరిగి పెట్టేది మరిచిపోకండి. పివట్‌కి చుక్క గ్రీజు. గాలి ట్యూబు లోపలికి మాత్రం మిషన్ ఆయిల్ వేయొద్దు, స్ప్రింగు కొట్టినప్పుడు గాలి నొక్కుకోని వేడెక్కి ఆ నూనె మండుతాది, టప్ మని పేలి సీలు చెడిపోతాది, అక్కడ కావాలంటే సిలికాన్ ఆయిల్ ఒక్క చుక్క. పెల్లెట్ లేకుండా ఒట్టిగా కొట్టి చూడొద్దు, పిస్టన్ పోయి ముందు గోడకు గుద్దుకుంటాది.

వాడినాక ప్రతిసారీ నూనె గుడ్డతో ఒక తుడుపు తుడవాల. కొబ్బరి నూనె వద్దు, మా వైపు ఇనుప సామాన్లన్నిటికీ అదే రాస్తారు గానీ అది చలికి గడ్డకడతాది, నిలవ ఉంటే జిగురవుతాది. తోలు కవర్‌లో పెట్టి దాచొద్దు, తోలు తేమ పట్టి ఉంచుతాది, దాన్ని ఊనబెట్టేదానికి వాడిన రసాయనాలు కూడా లోహాన్ని తింటాయి, పాత నలుపు పోయింది చాలాసార్లు ఆ కవర్ వల్లే. నూనె రాసి, కాటన్ గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టండి, వానల నెలల్లో పొట్లాలు మార్చండి. కారు డిక్కీలో మాత్రం పెట్టి మరిచిపోకండి, అలిపిరి చెకింగ్‌లో అది ఎయిర్ పిస్టలే అని చెప్పినా వినరు, దర్శనం టైము పోతాది. శేషాచలం అడవిలోకి పిట్టల కోసం తీసుకోని పోయేవాళ్ళకు అసలు చెప్పేదేమీ లేదు, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు అది, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతాది, పిస్టల్ కూడా పోతాది.

వాడిన వెనిగరులో వంట సోడా పోసి బుసబుస ఆగినాక నీళ్ళు బాగా కలిపి పారబోయొచ్చు. కోల్డ్ బ్లూ మిగిలింది, దాన్ని తుడిచిన దూది మాత్రం కాలవలో వేయకుండా మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మీద విషం అని రాసి, చెత్త బండి వాళ్ళకు ప్రమాదకర చెత్త అని వేరేగా ఇవ్వండి.